కుడి భుజం మీది ల్యాంపు

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. ఇంట్ల వాళ్లకు ఎరుకే, కాలేజీల అటెండరు కాడికెల్లి ప్రిన్సిపాలు దాక అందరికీ ఎరుకే. గోదావరిఖనిల ఇరవై ఎనిమిదేండ్ల సంది చరిత్ర పాఠం చెప్తున్న. అందుల సగానికి ఎక్కువ కాలం కాలేజీ క్యాడెట్లకు ఆఫీసరుగ కూడా ఉన్న. ఖాకీ తొడిగినంక కోపం కూడా ఒక అర్హత లెక్క అనిపిస్తది. "సారు మస్తు స్ట్రిక్టు" అని పిల్లలు గుసగుసలాడితే వినీ విననట్టు ఉంటుంటి గని లోపల ఛాతీ ఉబ్బుతుండె. ఇప్పుడు ఆ మాట ఎవలన్న అంటే అక్కడికెల్లి లేచిపోత. ఒక బట్ట ముక్క కోసం ఒక ఆడపిల్ల బతుకు దారి మలిపేసిన నేను. ఇప్పటిదాక ఎవలకూ చెప్పలే.

బట్ట ముక్క అంటే భుజం ప్యాచ్. క్యాడెట్ల అసలు యూనిఫాం మీద ఉండే గుర్తులన్ని పైనుంచే వస్తయి, వాటి జోలికి మనం పోవద్దు. కాని ఏడాదికి ఒకసారి పది రోజుల క్యాంపు ఉంటది. చుట్టుపక్కల కాలేజీలన్ని ఒక్క మైదానంల గుడారాలు వేసుకుంటయి. ఆ పది రోజులు ట్రాక్ సూటు కుడి భుజానికి ఏ కాలేజీ ఆ కాలేజీ సొంత ప్యాచ్ కుట్టించుకుంటది. కరీంనగర్ పిల్లలది వెండి తీగ పువ్వు. వరంగల్ వాళ్లది రాతి తోరణం. అడవి దిక్కు కాలేజీది నెమలీక. మంచిర్యాల వాళ్లు గోదారి మీద రైలు బ్రిడ్జి కుట్టించుకున్నరు, ఎంత ముద్దుగ ఉంటదో! మాది మాత్రం నీలం బట్ట మీద ఉత్త కాలేజీ పేరు. క్యాంపు ఆఖరి రోజు పిల్లలు ప్యాచ్‌లు ఇచ్చిపుచ్చుకుంటరు, దోస్తాన్‌కు గుర్తుగ. మా ప్యాచ్ ఎవలూ అడుగకపోతుండిరి. మా పిల్లలు వాటిని జేబుల పెట్టుకోని మళ్ల ఇంటికి తెచ్చుకుంటుండిరి. అది చూసి నాకు మండుతుండె.

ఐదేండ్ల కింద, క్యాంపు ఇంకా రెండు నెలలు ఉన్నదనంగ, కొత్త ప్యాచ్ మీరే గీయుండ్రి అని పిల్లలకు చెప్పిన. ముందుగాల ఒక గంట పాఠం చెప్పిన. ప్యాచ్ గీసుడంటే బొమ్మ గీసుడు కాదు. పది అడుగుల దూరం నుంచి చూసినా ఎవల మనిషో తెల్వాలె. బొమ్మ ఒక్కటే ఉండాలె, దాని అర్థం ఒక్కటే ఉండాలె. రంగులు మూడుకు మించొద్దు. ఎరుపు పెడితే నేల సైన్యం, ముదురు నీలం పెడితే సముద్రం, లేత నీలం పెడితే ఆకాశం. రంగు ఊరికే పెట్టుకునేది కాదు, అది మాట్లాడాలె. డాలు ఆకారం కాపాడేటోనిది, గుండ్రటిది కలిసి ఉండేటోళ్లది. బొమ్మ కింద అర్థం రాయాలె అని చెప్పిన. నేను గొప్పగనే చెప్పిన అనుకుంటున్న, పిల్లలు గూడ నోరు తెరుసుకోనే విన్నరు.

వచ్చిన కాయితాలు చూస్తే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. పులులు, గద్దలు, అడ్డం పెట్టిన కత్తులు. ఒకడైతే పుర్రె గీసి కింద "ధైర్యం" అని రాసిండు. "ఒరే, ఇది కరెంటు స్తంభానికి కట్టే బోర్డురా!" అన్న. క్లాసంతా పకపక నవ్వింది.

ఒక్క కాయితం వేరేగ ఉన్నది. డాలు మీద బాయిల దిగేటోళ్లు నెత్తికి పెట్టుకునే క్యాప్ ల్యాంపు. మా దిక్కు బొగ్గు గనిని బాయి అనే అంటరు. ఆ ల్యాంపు కొక్కేనికి తగిలించి ఉన్నది. దాని వైరు బ్యాటరీ చుట్టూ మూడు చుట్లు శుభ్రంగ చుట్టి ఉన్నది. పక్కన ఇత్తడి రంగుల ఒక గుండ్రటి బిళ్ల. అంతే. ఎంత సాఫ్‌గ ఉందంటే, ఇరవై అడుగుల దూరం నుంచి కూడా గుర్తుపట్టొచ్చు. కింద అర్థం కాడ రెండే మాటలు: "డ్యూటీ అయిపోయింది."

గీసింది రెండో ఏడాది పిల్ల. సెంటినరీ కాలనీల బొగ్గు కంపెనీ క్వార్టర్‌ల తల్లితోని ఉంటుండె. తండ్రి బాయిల పని చేసుకుంట, పై బండ కూలి సచ్చిపోయిండు. అప్పుడు ఆ పిల్ల పదో తరగతి. తల్లికి ఆయాసం, నాలుగు అడుగులు ఏస్తే ఎగపోత. తండ్రి నౌకరి ఆమెతోని కాదు గనుక కంపెనోళ్లు బిడ్డ పేరు మీద ఆపిపెట్టిండ్రు. ఎప్పటిలోపల చేరాల్నో గడువు కూడా ఉన్నది. క్యాడెట్లల చేరిన మొదటి రోజే ఆ పిల్ల నా టేబులు కాడికి వచ్చి నిలవడ్డది. "సార్, నాకు సర్టిఫికెట్ కావాలె. పోలీసు సెలక్షన్‌ల దానికి మార్కులు కలుస్తయంట. మా అవ్వ నన్ను బాయికి తోలనంటున్నది సార్. గడువు లోపట ఖాకీ నౌకరి కొట్టాలె" అన్నది. ఎండల పరేడ్ చేసి ముక్కు మీద చర్మం ఊడినా ఒక్క రోజు నాగా పెట్టలే. పరుగుల మగపిల్లలను దాటుతుండె. నిజం చెప్తున్న, మొత్తం యూనిట్‌ల నాకు ఇష్టమైన పిల్ల అదే.

అందుకే ఆ బొమ్మ చూసి నాకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

నేను మంథని పిల్లగాన్ని. మా తాతలు గుళ్లె దీపం చూసుకున్నోళ్లు. మా ఇంట్ల దీపం ఆరింది అనే మాట నోటికెల్లి రావద్దు, కొండెక్కింది అనాలె. మా అమ్మ అయితే దేవుని కాడ దీపం రెపరెపలాడితే వంట ఇడిసి ఉరుకొస్తుండె. అసొంటి ఇంట్ల పుట్టిన నాకు, యాభై మంది పిల్లల భుజాల మీద ఆరిపోయిన దీపం పెట్టుమంటే ఎట్లుంటది? కింద "డ్యూటీ అయిపోయింది" అని ఒకటి! ఎర్ర పెన్నుతోని కొట్టేసి, "సైనికుని డ్యూటీ ఎన్నడు అయిపోదు" అని రాసిన.

పిల్లను పిలిచిన. "ఇదేంది బిడ్డా, దీపం ఎలుగుత లేదు?"

"ఆరి ఉంటేనే మంచిది సార్" అన్నది.

"ఆరిన దీపం మంచిదా? ఎవలు నేర్పిండ్రు నీకు గీ మాట? ఈ గుండ్రటిదేంది, పతకమా?"

"బిళ్ల సార్."

బిళ్ల అంటే ఏందో నాకు తెల్వదు. అడిగితే నా మర్యాద పోతదనుకున్ననో ఏమో, అడుగలే. చుట్టూ బాయిలున్న ఊర్ల ఇన్నేండ్లు ఉండి, ఒక్కనాడు బాయి గేటు దాటి లోపలికి పోయిన మనిషిని కాదు నేను. సైరను ఇని గడియారం సరి చేసుకునుడు తప్ప నాకు బాయితోని పనే పడలే. ఆ పిల్ల ఇంకేదో చెప్పబోయింది. చెయ్యి ఎత్తి ఆపిన. "ల్యాంపు నీదే ఉంచుత. జర సరి చేస్త, సూడు ఎట్లుంటదో" అన్న.

సరి చేసిన. బిళ్ల తీసేసిన. చుట్టిన వైరు ఇప్పేసిన. ల్యాంపును హెల్మెట్ మీదికి ఎక్కించి, దాంట్లకెల్లి ఏడు పసుపు కిరణాలు డాలు అంచు దాక గీసిన. చౌరస్తా కాడ మిషిను ఎంబ్రాయిడరీ చేసే ఒక సాయబు ఉండె, ఆయనకు ఇచ్చిన. ఆయన పసుపు దారం మెరిసేటిది తెప్పించి యాభై ప్యాచ్‌లు కుట్టిండు. బంగారం లెక్క వచ్చినయి. పిల్లలంతా ఎగబడ్డరు. ప్రిన్సిపాలు ఒకటి అడిగి తీసుకోని తన టేబులు అద్దం కింద పెట్టుకున్నడు. నా ఖుషీకి అంతు లేదు.

క్యాంపుకు నాలుగు రోజుల ముందుగాల పై ఆఫీసరు ఒకాయన మా యూనిట్‌ను సూడనీకి వచ్చిండు. పిల్లలంతా ట్రాక్ సూట్లు ఏసుకోని మూడు లైన్లల నిలవడ్డరు. ఆయన ఎనుక నేను నడుస్తున్న. రెండో లైన్ల ఆ పిల్ల కాడ ఆయన ఆగిండు. భుజం దిక్కు వంగి చూసిండు. నేను చూసిన. ఏడు కిరణాలు లేవు. బ్లేడుతోని ఒక్కొక్క దారం తెంపి, సూదితోని తీసేసింది. అవి ఉన్న కాడ బట్ట మీద సన్న సన్న సూది రంధ్రాలు మాత్రం మిగిలినయి. ల్యాంపు ఉన్నది గని ఎలుగు లేదు.

"ఇదేమిటి?" అన్నడు ఆఫీసరు.

"మా ల్యాంపు సార్" అన్నది ఆ పిల్ల, ఎదురుగ చూసుకుంట.

ఆయన నా మొఖం చూసి, ఏం అనకుండ ముందుకు నడిచిండు. ఆయన ఏమన్న అన్నా బాగుండు. ఆయన జీపు గేటు దాటిందో లేదో, నేను ఎనుకకు తిరిగి ఆ పిల్ల ముందట నిలవడ్డ. ఏం మాట్లాడిన్నో అంతా యాదికి లేదు, పెద్దగ ఒర్లుడు యాదికున్నది. భుజం మీది ప్యాచ్ పట్టి గుంజిన. కుట్లు పటపట తెగినయి, సూటు చెయ్యి కూడా జర చినిగింది. యాభై మంది ముందట. ఆ పిల్ల కదలలే, సావధాన్‌లనే ఉన్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి గని కింద పడనియ్యలే. ఆ నిలబడుడు నేను నేర్పిందే.

ఆ పొద్దే క్యాంపు లిస్టుల పేరు కొట్టేసిన. క్యాంపు చెయ్యకుంటే సర్టిఫికెట్ పరీక్షకు కూసోనియ్యరు. అది నాకు తెల్వదా? తెలుసు. తెలిసే కొట్టేసిన.

తెల్లారి వాళ్ల అవ్వ వచ్చింది. ఆటో దిగి స్టాఫ్ రూము దాక నడిచేసరికి ఊపిరి అందుత లేదు. తలుపు పట్టుకోని నిలవడ్డది. కుర్చీ చూపియ్యలే నేను. "సారూ, తప్పైంది అని చెప్పమన్నది మా పిల్ల. మీ కాల్మొక్కుత, క్యాంపుకు తోలుండ్రి. ఆ లైటు సంగతి ఏందంటే సారూ, వాళ్ల నాయినను..." అని ఆగి శ్వాస తీసుకుంటున్నది.

ఆమె శ్వాస తీసుకునే ఆ సందుల నేను మాట్లాడిన. "అమ్మా, డిసిప్లిన్ అంటే డిసిప్లిన్. ఒక్కరికి ఇడిసిపెడితే రేపు అందరూ బ్లేడ్లు పట్టుకుంటరు. మీరు పోయిరాండ్రి" అన్న. ఆమె తలుపు ఇడిసిపెట్టింది. "సరే సారూ" అని పోయింది. మెట్లు దిగుకుంట రెండు సార్లు కూసున్నదని అటెండరు చెప్పిండు. నేను పేపర్లు దిద్దుకుంట "ఊఁ" అన్న.

క్యాంపుల మా ప్యాచ్ కోసం పిల్లలు కొట్లాడుకున్నరు. నెమలీక కాలేజోళ్లు ఒక్కదానికి రెండు ఇస్తమన్నరు. నేను మీసం మెలేసుకోని తిరిగిన.

ఆ పిల్ల డిగ్రీ పూర్తి చేసింది గని మళ్ల క్యాడెట్ల దిక్కు రాలే. వరండాల ఎదురైతే "నమస్తే సార్" అని పక్కకు జరిగి పోతుండె. పోలీసు సెలక్షన్‌కు పోయిందని, పరుగుల ఫస్టు వచ్చిందని, ఆఖరికి రెండు మార్కుల తక్కువతోని నౌకరి పోయిందని ఎవలో పిల్లలు మాట్లాడుకుంటే విన్న. రెండు మార్కులు! సర్టిఫికెట్ ఉంటే అంతకంటే ఎక్కువే కలుస్తుండె. ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలే. అయినా నా తప్పని ఒప్పుకోనీకి మనసు రాలే. బ్లేడు పట్టింది తనే గద అనుకున్న. మనిషి తనకు తాను ఎన్ని అబద్ధాలు చెప్పుకుంటడో.

పోయిన చలికాలం బాయిలల్ల రక్షణ వారోత్సవాలు అయితున్నయి. కాలేజీ పిల్లలను తీస్కరండ్రి, పైన ఉండే పనులు చూపెడుతం అని పిలుపు వచ్చింది. ఇరవై మంది క్యాడెట్లను ఏసుకోని పోయిన. అప్పటిదాక దాటని గేటు అట్ల దాటిన. వాళ్ల భుజాల మీద నా ఏడు కిరణాల ప్యాచ్‌లే, ఏటా అవే కుట్టిస్తున్నం. మమ్ములను ల్యాంపు రూము ముందట నిలవెట్టిండ్రు. మొదటి షిఫ్టు ఇడిసే యాళ్ల. బాయిలకెల్లి మనుషులు ఎక్కి వస్తున్నరు, మొఖాలు నల్లగ, కండ్లు మాత్రం తెల్లగ.

ఒక పెద్దమనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డట్టున్నడు, లైన్ల నిలవడి మా పిల్లల భుజాల దిక్కు చూసి కిసుక్కున నవ్విండు. "ఏంది సారూ, మీ పిల్లలు పైకొచ్చినా లైటు బంద్ చెయ్యలేదు. ఓవర్‌టైమా ఏంది?"

లైన్ల ఉన్నోళ్లంతా నవ్విండ్రు. నాకు అర్థం కాలే. "అంటే ఏందన్నా?" అని అడిగిన. బాయి పని గురించి నేను ఒక మనిషిని అడుగుడు అదే మొదటిసారి.

ఆయన నెత్తి మీది ల్యాంపు తీసి, బంద్ చేసి, వైరును బ్యాటరీ చుట్టూ తిప్పుకుంట చెప్పిండు. "పొద్దుగాల దిగేటప్పుడు మన నంబరు బిళ్ల ఈ కిటికీల ఇచ్చి లైటు తీసుకుంటం. ఎక్కినంక లైటు బంద్ చేసి, గిట్ల చుట్టి, లోపటిచ్చి, బిళ్ల ఎనుకకు తీసుకుంటం. లైటు కొక్కేనికి పడ్డది, బిళ్ల చేతికొచ్చింది అంటే మనిషి పానంతోని ఇంటికి పోతున్నట్టు. లైటు ఇంకా ఎలుగుతున్నదంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. మా ఇండ్లల్ల ఆడోళ్లు అయితే ఎలిగే లైటు బొమ్మ గోడకు కూడా పెట్టనియ్యరు సారూ."

మూడు చుట్లు. కొక్కెం. బిళ్ల. డ్యూటీ అయిపోయింది. ఇంత చక్కటి గుర్తు, ఒక్క బొమ్మ, ఒక్క అర్థం, నేను చెప్పిన పాఠం లెక్కనే గీసిచ్చింది ఆ పిల్ల. యాభై మంది ఇంటికి పానంతోని రావాలె అని గీసింది. నేను ఎర్ర పెన్నుతోని కొట్టేసిన.

ఆ పెద్దమనిషి ల్యాంపు ఇయ్యనీకి కిటికీ కాడికి జరిగిండు. లోపటికెల్లి ఒక చెయ్యి వచ్చి ల్యాంపు అందుకున్నది. "కాకా, గ్లాసు పగిలినట్టున్నది, రిపేరుకు పెడుతున్న" అన్న గొంతు విన్న.

ఆ గొంతును నేను పరేడ్‌ల రెండేండ్లు విన్న. కిటికీ కాడికి పోయిన. కంపెనీ నీలం చొక్కా, జడ పైకి ముడిచింది. ఆ పిల్లనే. నన్ను చూసి లేచి నిలవడ్డది, అలవాటు కొద్ది. "నమస్తే సార్."

"ఎప్పుడు చేరినవు బిడ్డా?"

"గడువు అయిపోవచ్చింది సార్. చేరిన. నాయిన నౌకరే." చేతులు పని ఆపలే. ల్యాంపు కొక్కేనికి, బిళ్ల కిటికీలకెల్లి బయటికి. ఎనుక మా పిల్లల భుజాల మీద ఆమె కండ్లు పడ్డయి. వెంటనే తిప్పుకున్నది.

"మీ నాయిన..." అన్న. ఆరోజు వాళ్ల అవ్వ నా ముందట ఆగిన మాటనే అది. నా నోట్ల కూడా అక్కడనే ఆగింది.

"బండ కింద లైటు ఎలుగుతనే ఉన్నదంట సార్. ఆ ఎలుగు చూసే ఎక్కడున్నడో గుర్తుపట్టిండ్రు" అన్నది. ఏడ్పు లేదు, నిష్టూరం లేదు. ఎవలో అడిగితే నంబరు చెప్పినట్టు చెప్పింది.

"తప్పయింది బిడ్డా. నాది తప్పయింది."

"మీకు తెల్వదు గద సార్."

ఆ మాటతోని నన్ను ఇడిసిపెట్టిందనుకుంటరేమో మీరు. తెల్వకపోవుడు వేరు. చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపుడు వేరు, ఊపిరి అందని తల్లి మాట మధ్యల జొరబడుడు వేరు. "నేను పైవాళ్లకు రాస్త బిడ్డా. పరీక్షకు మళ్ల కూసోనిస్తరేమో కనుక్కుంట. పోలీసుకు నీకు వయసు ఇంకా ఉన్నది. ఎన్ని ఆఫీసులు తిరగాల్నో అన్ని తిరుగుత" అన్న. నా గొంతు నాకే బతిమాలినట్టు వినవడ్డది.

అప్పుడు మొదటిసారి ఆ చేతులు ఆగినయి. జర సేపే. "అవ్వ ఇప్పుడు కంపెనీ దవాఖానలనే ఉంటున్నది సార్, ఆక్సిజన్ మీద. ఆ దవాఖాన కార్డు నా నౌకరి మీదనే ఉన్నది. ఇది ఇడిసిపెట్టి ట్రైనింగుకు పోతే కార్డు పోతది" అన్నది. ఆ ఎనుక కొంచెం మెల్లగ, "అవ్వకు నేను బాయికాడ చేస్తున్న అని చెప్పలే సార్. కంపెనీ ఆఫీసుల కాయితాల పని అని చెప్పిన" అన్నది.

నా ఎనుక మనుషులు జమైండ్రు, ఎనిమిది గంటలు కింద పనిచేసి ఎక్కినోళ్లు, ఇండ్లకు పోవాల్సినోళ్లు. ఆ పిల్ల నా భుజం మీదికెల్లి వాళ్ల దిక్కు చూసింది.

"లైన్ల నిలవడ్డరు సార్. జర పక్కకు జరుగుండ్రి."

జరిగిన. ఆ పిల్ల కోసం నేను చేయగలిగింది అదొక్కటే మిగిలింది.